ఆల్-టెర్రైన్ స్ట్రోలర్: ముందు చక్రం, తర్వాత డిక్కీ, ఆఖరున బ్రాండు

బోథెల్ నుంచి ఒకావిడ అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ. బాబుకి ఐదు నెలలు. రోజూ సాయంత్రం నడక, శని ఆదివారాల్లో సియాటెల్ చుట్టుపక్కల ట్రెయిల్స్. భర్తకు పరిగెత్తే అలవాటుంది. మే నెలలో అత్తగారు వచ్చి ఆరు నెలలుంటారు, పగలంతా బాబుని తిప్పేది ఆవిడే. డిసెంబరులో హైదరాబాద్ ప్రయాణం. కారు కామ్రీ. ఇల్లు పై అంతస్తులో, లిఫ్టు లేదు. ఆరు వందల డాలర్లలో వీటన్నిటికీ పనికొచ్చే ఒక్క ఆల్-టెర్రైన్ స్ట్రోలర్, అంటే ఎలాంటి నేల మీదైనా నడిచే పిల్లల తోపుడుబండి, చెప్పమన్నారు.

అన్నిటికీ ఒక్కటంటే చెప్పలేనండి. ఆ జాబితాలోంచి హైదరాబాద్ తీసేయండి, మిగతావాటికి ఒకటి దొరుకుతుంది. హైదరాబాద్ ఎందుకు తీసేయమంటున్నానో చివర్లో చెబుతాను.

ముందు నా సంగతి. ఇద్దరు పిల్లలు, పదకొండేళ్ళుగా రెడ్మండ్ వైపు ఉంటున్నాం. నాకు సైకిళ్ళు బాగుచేసే పిచ్చి ఉంది. దాంతో మా కాంప్లెక్సులో తెలుగువాళ్ళ స్ట్రోలర్లకి ఏ జబ్బు చేసినా నా గ్యారేజీకే వస్తాయి. పంక్చర్లు, పక్కకి లాగే ముందు చక్రాలు, చెరియోస్ ఇరుక్కుని మడతపడని కీళ్ళు, అన్నీ చూశాను. అందుకే షాపులో తళతళలాడే స్ట్రోలర్ గురించి నాకు తెలిసింది తక్కువ, రెండేళ్ళు వాడి నలిగినదాని గురించి తెలిసింది ఎక్కువ.

ఈ "ఆల్-టెర్రైన్" అనే మాటని పట్టుకుని కొనకండి. అమెరికాలో స్ట్రోలర్లకి భద్రతా ప్రమాణం ఉంది, ఏఎస్‌టీఎం ఎఫ్833 అంటారు. బ్రేకు, బెల్టు, మడత తాళం, పక్కకి ఒరిగిపోకుండా ఉండటం, వేళ్ళు నలగకుండా ఉండటం లాంటివన్నీ అందులో ఉంటాయి. ఎలాంటి నేల మీద నడిస్తే ఆల్-టెర్రైన్ అనాలో మాత్రం ఉండదు. ఆ మాట కంపెనీవాళ్ళు పెట్టెమీద రాసుకునేది. అందుకే ఒకే మాట కింద రెండు వేర్వేరు బళ్ళు అమ్ముతారు. ఒకటి మామూలు స్ట్రోలరే, చక్రాలు మాత్రం కాస్త పెద్దవి, గట్టి రబ్బరువి. రెండోది మూడు చక్రాలది, సైకిల్‌లాగా గాలి టైర్లు, వెనక స్ప్రింగులు, పరిగెత్తడానికి కూడా పనికొచ్చేది. మొదటిది గడ్డి, గతుకుల ఫుట్‌పాత్ దాకా బాగానే వస్తుంది. కంకర ట్రెయిల్ మీద అరగంట అయ్యేసరికి మీ మణికట్లు చెబుతాయి.

ఒక చిన్న ముచ్చట. ఈ రెండో రకం బండి పుట్టింది మన వాషింగ్టన్ రాష్ట్రంలోనే, కొండలకి అవతల యాకిమాలో. ఫిల్ బేచ్లర్ అని అక్కడి పత్రికలో పనిచేసే ఒకాయనకి పరుగు అలవాటు. కొడుకుని వెంట తీసుకెళ్ళాలని పాత స్ట్రోలర్‌కి సైకిల్ చక్రాలు బిగించాడు. 1984లో దాన్నే బేబీ జాగర్ పేరుతో అమ్మడం మొదలుపెట్టాడు. అంటే మొదటినుంచీ ఇది స్ట్రోలర్ కన్నా సైకిల్‌కే దగ్గరి చుట్టం. కొనేటప్పుడు కూడా సైకిల్ కొంటున్నట్టే చూడాలి.

సైకిల్ అన్నాక ముందు చక్రం సైజు. ఫుట్‌పాత్ పలకల మధ్య ఒక అంగుళం ఎత్తు తేడా ఉందనుకోండి. బర్క్-గిల్మన్ ట్రెయిల్ మీద చెట్ల వేళ్ళు తారుని పైకి ఎత్తేసిన చోట్ల సరిగ్గా ఇలాగే ఉంటుంది. 6 అంగుళాల చక్రం దాన్ని నేరుగా ఎక్కాలంటే, ఆ చక్రం మీద ఎంత బరువుందో అంతకన్నా కాస్త ఎక్కువ బలంతో తోయాలి. 12 అంగుళాల చక్రానికి ఆ బరువులో మూడింట రెండు వంతులు చాలు. 16 అంగుళాలకైతే సగం కన్నా కొంచెం ఎక్కువ. ఇది కంపెనీవాళ్ళ ప్రచారం కాదు, ఇంటర్ ఫిజిక్స్ లెక్క, కాగితం మీద వేసుకుని చూడండి. చిన్న చక్రం గట్టుకి తగిలి ఆగిపోతుంది, మీ పొట్టకి హ్యాండిల్ తగులుతుంది, నిద్రపోతున్న బాబు లేస్తాడు. ఇదంతా చాలా నెమ్మదిగా నడుస్తున్నా జరుగుతుంది.

కాబట్టి ముందు 12, వెనక 16 అంగుళాలు ఉన్నవాటినే చూడమంటాను. బాబ్ రెవల్యూషన్ ఫ్లెక్స్, తూలే అర్బన్ గ్లైడ్, అప్పాబేబీ రిడ్జ్ ఈ కొలతల చుట్టుపక్కలే ఉంటాయి. బేబీ జాగర్ సిటీ మినీ జీటీ2 చక్రాలు వీటికన్నా చాలా చిన్నవి. దాని పెట్టెమీదా ఆల్-టెర్రైన్ అనే ఉంటుంది, కానీ పరిగెత్తడానికి వాడొద్దని కంపెనీయే చెబుతుంది. అది చెడ్డదని కాదు. మా చిన్నదానికి అదే వాడాం, మడత విషయంలో దాన్ని కొట్టేది లేదు.

తర్వాత టైరు. గాలి టైరా, గాలి అక్కర్లేని గట్టి టైరా అని అందరూ తెగ ఆలోచిస్తారు. నాది గాలి టైరు పక్షం. కంకర మీద వెళ్ళేటప్పుడు ఒక్కో రాయి మీదా టైరు కొంచెం లోపలికి నొక్కుకుని మళ్ళీ లేస్తుంది. ఆ అదురు సీటు దాకా రాదు. స్ప్రింగులు పెద్ద గతుకుల్ని చూసుకుంటాయి, చిన్న అదురుని ఆపేది మాత్రం టైరే. గట్టి ఫోమ్ టైరులో ఆ పని జరగదు. పైగా రెండేళ్ళకి అంచులు అరిగి పెచ్చులూడతాయి. అప్పుడు చక్రం మొత్తం కొనాలి. గాలి టైరైతే ట్యూబు మారిస్తే సరిపోతుంది.

పంక్చర్ భయం ఉందంటారా, ఉంది. బ్లాక్‌బెర్రీ ముళ్ళు మన ట్రెయిల్స్ పక్కనంతా ఉంటాయి. కోసిన కొమ్మలు దారిమీద పడ్డప్పుడు చూసుకోవాలి. ట్యూబులో పంక్చర్ మూసే జిగురు ద్రవం పోయించండి, చిన్న ముల్లు గుచ్చుకున్నా ఇల్లు చేరతారు. రిడ్జ్ గట్టి టైర్లతోనే వస్తుంది, అయినా దాని సస్పెన్షన్, అంటే స్ప్రింగుల ఏర్పాటు, మంచిది కాబట్టి నడుస్తుంది. గాలి కొట్టుకునే ఓపిక అసలు లేదనుకుంటే అది చూడండి. తక్కువ ధరలో గట్టి టైరు, స్ప్రింగుల్లేని ఫ్రేము కలిసి వచ్చేవి ఉంటాయి, వాటి జోలికి వెళ్ళకండి. అలాంటిది ఒకటి మేమే మొదట కొన్నాం, పేరెందుకులెండి. స్నోక్వాల్మీ వ్యాలీ ట్రెయిల్ మీద ఇరవై నిమిషాలకి మావాడి బుగ్గలు జెల్లీలా ఊగుతుంటే మా ఆవిడ వాణ్ణి ఎత్తుకుంది, నేను ఖాళీ బండి తోసుకుంటూ వెనక్కి వచ్చాను.

ముందు చక్రం గురించి ఇంకో మాట. అది గిర్రున తిరిగేలా ఉంటే కాస్ట్‌కో, పటేల్ బ్రదర్స్ లాంటి షాపుల సందుల్లో హాయి. అదే చక్రం కంకరమీదో పరుగులోనో ఉంటే ఇటూ అటూ కొట్టుకుంటుంది. అప్పుడు దాన్ని పక్కకి తిరక్కుండా తిన్నగా ఉంచి తాళం వేయాలి. తాళం వేసే మీట కిందా, హ్యాండిల్ మీదా అన్నది చూసుకోండి. బేబీ జాగర్ సమిట్ ఎక్స్3లో హ్యాండిల్ దగ్గరే ఉంటుంది, వంగక్కర్లేదు. తాళం వేశాక బండి తిన్నగా వెళ్ళాలి. షాపులోనే నున్నటి నేలమీద ఒక తోపు తోసి వదిలేసి చూడండి. పది అడుగుల్లో ఒక పక్కకి పోతుంటే ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు దగ్గర సరిచేసే మర ఉందేమో అడగండి. నా దగ్గరకి వచ్చే "చెడిపోయిన" స్ట్రోలర్లలో సగానికి ఆ మర అరచుట్టు తిప్పితే చాలు.

ఆ చక్రాన్ని బిగించే క్విక్ రిలీజ్ మీట, అంటే పానా లేకుండా చేత్తోనే విప్పి బిగించేది, చాలా ముఖ్యం. సెకండ్ హ్యాండ్ కొందామనుకునేవాళ్ళు ఇది శ్రద్ధగా చదవండి. 2018 ఫిబ్రవరిలో ఇక్కడి వినియోగ వస్తువుల భద్రతా సంస్థ సీపీఎస్సీ, బాబ్ స్ట్రోలర్లు అమ్మే బ్రిటాక్స్ మీద ఫిర్యాదు దాఖలు చేసింది. మీట సరిగ్గా బిగియకుండానే బండి నడిచేస్తోందని, దారిలో ముందు చక్రం ఊడిపోయి పిల్లలూ పెద్దలూ గాయపడ్డారని ఆరోపణ. లెక్కకి వచ్చినవి దాదాపు 5 లక్షల బళ్ళు, 2015 సెప్టెంబరు దాకా వచ్చినవి. అదే ఏడాది నవంబరులో కంపెనీ ఒప్పందానికి వచ్చి కొత్త రకం మీటలు, బోల్టులు ఇచ్చింది. 2015 సెప్టెంబరు తర్వాత తయారైన బళ్ళకి ఈ గొడవ లేదు. కానీ ఆ పాతవి ఇప్పటికీ ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో వందా నూటయాభై డాలర్లకి కనబడతాయి. ఫ్రేము కింద తెల్ల స్టిక్కరు మీద తయారీ తేదీ ఉంటుంది. ముందు దాని ఫొటో పంపమనండి. 2015 అని ఉంటే నెల కూడా చూడండి. స్టిక్కరు చిరిగిపోయిందంటే వదిలేయండి. ఏ బ్రాండైనా సరే, మీట బిగించాక బండి ముందు భాగం పైకెత్తి చక్రం మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టండి. కదలకూడదు. నేనైతే ప్రతిసారీ కొడతాను, మా ఆవిడ నవ్వుతుంది.

ఇప్పుడు మీ అత్తగారి సంగతికి వద్దాం. షాపువాళ్ళూ వీడియోలవాళ్ళూ అసలు ముట్టుకోని సంగతి ఇదే. స్ట్రోలర్ కొనేది మీరు, వారానికి నలభై గంటలు తోసేది ఆవిడ. మా అమ్మ వచ్చినప్పుడు నేను దీన్ని తలకెక్కించుకోలేదు. అమ్మ ఐదడుగులుంటుంది. మా బండి హ్యాండిల్ నా ఎత్తుకి సరిపోయేది, ఎత్తు మార్చడానికి వీల్లేనిది. అమ్మకి అది రొమ్ము దాకా వచ్చేది, మోచేతులు పైకెత్తి తోసేది. రెండు వారాలకి భుజాలు పట్టేశాయి, నాతో చెప్పలేదు, జండూబామ్ వాసన వస్తే తెలిసింది. హ్యాండిల్ ఎత్తు మారేది తీసుకోండి. బాబ్ ఫ్లెక్స్‌లోనూ అర్బన్ గ్లైడ్‌లోనూ మారుతుంది. హ్యాండిల్ బొడ్డు ఎత్తున, మోచేయి కాస్త వంగేలా ఉంటే సరి.

బ్రేకు కూడా ఆవిడ కాలితోనే చూడాలి. కొన్నిటికి పెడల్ నొక్కితే పడుతుంది, తీయాలంటే కిందనుంచి బొటనవేలితో పైకి ఎత్తాలి. బూట్లు వేసుకున్నవాడికి అదేం పెద్ద పని కాదు. హవాయి చెప్పులు వేసుకున్న ఆవిడకి గోరు లేస్తుంది. ఒకసారి నొప్పి పుట్టిందంటే ఆవిడ ఇక బ్రేకు వేయడమే మానేస్తుంది, "పట్టుకునే ఉన్నానుగా" అంటుంది. నొక్కితే పడేది, మళ్ళీ నొక్కితే లేచేది చూడండి. లేదంటే జీటీ2లో లాగ చేత్తో వేసే పార్కింగ్ బ్రేకు. షాపుకి వెళ్ళేటప్పుడు మీరూ చెప్పులతోనే వెళ్ళండి.

ఇంకోటి, చీర. జాగింగ్ రకం బళ్ళలో వెనక చక్రాలు పెద్దవి, దూరంగా ఉంటాయి, మధ్యలో అడ్డంగా ఇరుసు కడ్డీ. పొడుగాటి అడుగు వేస్తే కాలు దానికి కొట్టుకుంటుంది. అమ్మ అడుగులు చిన్నవి కాబట్టి ఆ బాధ రాలేదు. కానీ ఒక సాయంత్రం సమామిష్ నది పక్క ట్రెయిల్ మీద గాలికి కొంగు జారి వెనక చక్రం స్పోక్స్‌లో చుట్టుకుంది. బండి టక్కున ఆగింది, అమ్మ ముందుకి తూలింది. అదృష్టం, చేతికి పట్టీ ఉంది, పిల్లాడు బెల్టులో ఉన్నాడు. కంచి పట్టు కాదు, వెంకటగిరి నేత చీరే, అయినా అంచు పోయిందని ఇప్పటికీ చెబుతుంది. ఆ రోజునుంచి బండి పట్టుకుంటే కొంగు నడుముకి దోపుకోవడం అలవాటైంది. మీ అత్తగారు చీరకడితే మొదటి రోజే చెప్పండి. సల్వార్ వేసుకుంటే చున్నీకీ ఇదే వర్తిస్తుంది.

చేతి పట్టీ అన్నాను కదా. ఫ్రేముకి కట్టి మణికట్టుకి తగిలించుకునే పట్టీ అది. పెట్టెలో ప్లాస్టిక్ కవరులో వస్తుంది, చాలామంది విప్పను కూడా విప్పరు. అది ఎందుకో తెలియాలంటే టోల్ట్ పైప్‌లైన్ ట్రెయిల్‌కి వెళ్ళండి, మీకు పక్కనే. కంకర, పైగా నిట్రంగా దిగే వాలులు. బండి 12 కిలోలు, బాబు 9, సంచీ, నీళ్ళు కలిపి 25 కిలోలు అనుకుందాం. నూటికి ఇరవై వాలులో అది ఐదు కిలోల బలంతో మిమ్మల్ని కిందికి లాగుతూనే ఉంటుంది. కాలి బ్రేకు ఆపి ఉంచడానికే, నడుస్తుండగా నొక్కేది కాదు. దిగేటప్పుడు వేగం తగ్గించేది హ్యాండిల్ మీద ఉండే చేతి బ్రేకు. రిడ్జ్‌కీ సమిట్ ఎక్స్3కీ అది ఉంది. మీరు ఎక్కువగా వెళ్ళేది సమామిష్ నది పక్క ట్రెయిలో, బర్క్-గిల్మన్ లాంటి పాత రైలు కట్టల దారులో అయితే చేతి బ్రేకు లేకపోయినా పర్లేదు. ఒకటి నది ఒడ్డు, ఇంకోటి రైలుకోసం వేసిన దారి కాబట్టి వాలు చాలా తక్కువ. స్నోక్వాల్మీ జలపాతం దగ్గర కిందికి దిగే దారి మాత్రం అలా కాదు, దిగడం సులువు, పైకి తోసుకురావడానికి ఇద్దరు మగాళ్ళు కావాలి.

అక్కడే ఇంకో తప్పు చాలామంది చేస్తారు. డయపర్ సంచీ, కూరగాయల సంచీ హ్యాండిల్‌కి వేలాడదీస్తారు. పిల్లాణ్ణి సీట్లోంచి ఎత్తగానే ముందు బరువు పోతుంది, బండి వెనక్కి పల్టీ కొడుతుంది. సంచీ కింద బుట్టలో పెట్టండి.

ఇక డిక్కీ. మీ కామ్రీ లాంటి సెడాన్ కార్లవాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు. డిక్కీ లోపల ఎంత చోటుందన్నది కాదు, నోరు ఎంత తెరుచుకుంటుందన్నది కొలవండి. లోపల పట్టేది కూడా నోట్లోంచి దూరదు. కంపెనీ సైటులో మడిచిన కొలతలు ఉంటాయి. ఆ కొలతలకి ఒక అట్టపెట్టె కత్తిరించి టేపు వేసి, కారులో పెట్టి చూడండి. నేను ముగ్గురు స్నేహితులచేత ఈ పని చేయించాను, ఇద్దరు మనసు మార్చుకున్నారు. ముందు చక్రం తీస్తే పడుతుంది అనుకునే బండి కొనకండి. రోజూ తీసి పెట్టాలంటే విసుగు, తీసి పెట్టిన ప్రతిసారీ ఆ మీట బిగించడం మర్చిపోయే అవకాశం.

మీ ఇంటికి మెట్లు కూడా ఉన్నాయి. 12 కిలోల బండిని ఒక చేత్తో, బాబుని ఇంకో చేత్తో పట్టుకుని పైకి మోయడం అత్తగారివల్ల కాదు, మీవల్లా కాదు. ఆపరేషన్ కాన్పు అయితే చెప్పక్కర్లేదు. దాని ఇల్లు కారు డిక్కీయే అనుకోండి. కానీ పగలు మీవారు కారు తీసుకెళితే అత్తగారికి బండి ఉండదు! అపార్ట్‌మెంటువాళ్ళని మెట్లకింద పెట్టుకోనిస్తారేమో అడగండి, సైకిల్ గొలుసు వేసి తాళం వేయండి. స్ట్రోలర్ ఎంచుకునే ముందే ఈ సంగతి తేల్చుకోవాలి. నాకైతే బరువు కన్నా ఇదే పెద్ద ప్రశ్న అనిపిస్తుంది.

బాబు వయసు. ఐదు నెలలంటే మెడ నిలిచి ఉంటుంది, నడుం ఇంకా నిలవదు. ఆరు నెలలు దాటేదాకా పసిపిల్లల కారు సీటుని తగిలించే అడాప్టర్‌తోనో, సీటు బాగా వెనక్కి వాల్చో నున్నటి దారిమీద నడకవరకే. కారు సీటు తగిలించి పరిగెత్తకూడదు. పరుగు, గతుకుల ట్రెయిల్స్ ఎనిమిది నెలలు నిండాకే అని బాబ్ మాన్యువల్లోనే ఉంటుంది. మీ పిల్లల డాక్టరు గారిని ఒకసారి అడిగి మొదలుపెట్టండి. అంటే మీవారి పరుగుకి ఇంకా మూడు నెలల టైముంది. మధ్యలో ఒకమాట, ఆయన "పరిగెడతారు" అని రాశారు. బాబు పుట్టాక పరిగెత్తారా? అడుగుతున్నది ఎగతాళికి కాదండి. నేనూ పరిగెడతాననే జాగింగ్ బండి కొన్నాను, మొత్తం మీద ఆరుసార్లు పరిగెత్తాను. ఆయన నిజంగా వారానికి రెండుసార్లు పరిగెత్తే మనిషి కాకపోతే, ట్రెయిల్స్ కూడా ఎక్కువగా తారు దారులే అయితే, జీటీ2 తీసుకుని రెండు వందలు మిగుల్చుకోండి. డిక్కీ గొడవ, మెట్ల గొడవ సగం తీరిపోతాయి.

నిజంగా పరిగెత్తేవారే అయితే నా ఓటు అర్బన్ గ్లైడ్‌కి. బరువు పదకొండున్నర కిలోల దగ్గర, బాబ్ ఫ్లెక్స్ పదమూడు దగ్గర. ఆ కిలోన్నర తేడా తోసేటప్పుడు తెలియదు, డిక్కీలోకి ఎత్తేటప్పుడు తెలుస్తుంది. మడత కూడా ఒక చేత్తో అవుతుంది. బాబ్ సస్పెన్షన్ గతుకుల్లో కాస్త మెత్తగా అనిపిస్తుంది, మాకు బాబ్ బండే ఉండేది, కానీ మాది వ్యాను. కొత్తదైతే మీ ఆరు వందలు దాటవచ్చు. రెండేళ్ళు వాడినది సగం ధరకి దొరుకుతుంది. ఈ బళ్ళు గట్టివి, ఒక పిల్లాడితో అరిగిపోవు. చూడటానికి వెళ్ళినప్పుడు బెల్టు ఐదు కొసలూ బిగిస్తున్నాయా, మడిచినప్పుడు తాళం పడుతోందా, చక్రం తిప్పితే ఊగుతోందా చూడండి. గుడ్డ మురికిగా ఉందని బేరం ఆడండి, ఉతికితే పోతుంది.

వాన కవరు విడిగా కొనాలి, అక్టోబరునుంచి ఏప్రిల్ దాకా అది లేకుండా గడవదు. గాలి కన్నాలున్నదే తీసుకోండి. ఎండకాలం మాత్రం పైన దుప్పటో చున్నీయో కప్పి నడవకండి. నీడ అనుకుంటాం, లోపల వేడి పేరుకుంటుంది, పిల్లాడి మొహం మనకి కనబడదు. దిష్టి తగలకుండా అని మా అమ్మా కప్పేది. దిష్టిచుక్క పెద్దది పెట్టి ఒప్పించాం.

బురద, ఇసుక గురించి అడగలేదు కానీ ఏప్రిల్ వస్తే మీరూ తులిప్ తోటలకి వెళతారు, ఫొటోలు దిగకుండా ఏ తెలుగువాళ్ళూ ఉండరు. ఆ తోటలుండే స్కాజిట్ పొలాల్లో వాన పడ్డాక ఉండేది మన రేగడి బురద లాంటిదే. పెద్ద చక్రాలు వెళతాయి, వచ్చాక ఇరుసులు నీళ్ళతో కడిగి ఆరబెట్టండి. ఓషన్ షోర్స్ సముద్రతీరంలో తడి ఇసుక మీద బండి హాయిగా పోతుంది. పొడి ఇసుకలో ఏ స్ట్రోలరూ కదలదు, వెనక్కి తిరిగి లాక్కెళ్ళడమే.

ఇక హైదరాబాద్. మొదటిసారి ఇండియా వెళ్ళినప్పుడు మా 13 కిలోల బండిని అంత దూరమూ తీసుకెళ్ళాం. సామానుతో వేసిన బండి వెనక చక్రం వంకరతో దిగింది. గుంటూరులో మా సందులోకి తీస్తే పక్కింటి పెద్దమ్మ వచ్చి "పసివాణ్ణి ఆ బండిలో పడేశారేంట్రా" అని వాణ్ణి ఎత్తుకుపోయింది. ఆ మూడు వారాలూ వాడి కాలు నేలమీద పడలేదు, ఒక చంకనుంచి ఇంకో చంకకి మారాడంతే. బండిమీద తువ్వాళ్ళు ఆరేసుకున్నాం. హైదరాబాద్ ఫుట్‌పాత్‌ల సంగతి మీకు తెలియనిది కాదు. మోకాలెత్తు గట్టు, నాలుగడుగులకి ఒక ట్రాన్స్‌ఫార్మరో టీ బండో. ఆల్-టెర్రైన్ అన్నవాళ్ళు అది చూడలేదు. దానికి గొడుగులా మడిచే చిన్న స్ట్రోలర్ ఒకటి, యాభై అరవై డాలర్లది, ఎయిర్‌పోర్టు మటుకు చాలు. ఆ గొడుగు మడతని 1965లో ఓవెన్ మెక్లారెన్ అనే ఇంగ్లండ్ ఆయన కనిపెట్టాడు, స్పిట్‌ఫైర్ యుద్ధ విమానాల చక్రాల మీద పనిచేసిన ఇంజనీరు. విమానంలోకి వెళ్ళే బండిని విమానాల మనిషే చేశాడన్నమాట. ఒంటికి కట్టుకునే బేబీ క్యారియర్ కూడా పెట్టుకోండి, మిగతాది చుట్టాలు చూసుకుంటారు.

ఆ గుంటూరు ప్రయాణంలో ఒక్క లాభం జరిగింది. వంకర సరిచేయించడానికి బండిని సైకిల్ షాపుకి తీసుకెళితే, ఆయన చుట్టూ తిరిగి చూసి "ఇది ఏం బండి బాబూ, పైన మంచముంది" అన్నాడు. రిమ్ము తిన్నగా చేశాడు. ముందు చక్రంలో గాలి తగ్గిందని ట్యూబు బయటకి లాగి, నీళ్ళ తొట్టిలో ముంచి, బుడగలు వచ్చిన చోట వేలు పెట్టి, ఆకురాయితో గీకి అతుకు వేశాడు. చిన్నపిల్లల సైకిల్ ట్యూబే కదా ఇది అని ఆయనే చెప్పాడు. నిజమే, 12న్నర, 16 అంగుళాల ట్యూబులు పిల్లల సైకిళ్ళవే, ఇక్కడ ఏ సైకిల్ షాపులోనైనా దొరుకుతాయి. స్ట్రోలర్ కంపెనీ పేరుతో ఉన్నదానికి రెట్టింపు పెట్టక్కర్లేదు. బండి ఇంటికి రాగానే రెండు తెచ్చి బుట్టలో పడేయండి, చిన్న చేతి పంపు కూడా. ఎంత గాలి కొట్టాలో టైరు పక్కనే రాసి ఉంటుంది. కంకర ట్రెయిల్ రోజున దానికన్నా కొంచెం తక్కువే కొట్టండి, మెత్తగా పోతుంది. వాల్వు కారుది లాంటిదే కదా అని గ్యాస్ స్టేషన్ కంప్రెసర్ దగ్గరికి మాత్రం తీసుకెళ్ళకండి. అంత చిన్న ట్యూబు రెండు సెకన్లలో నిండిపోతుంది. నేను తీసుకెళ్ళాను. ఢామ్మన్న చప్పుడుకి పక్క కారులో నిద్రపోతున్న ఎవరో పాప లేచి ఏడుపు మొదలెట్టింది. వాళ్ళమ్మకి సారీ చెబుతూ నిలబడ్డాను, మావాడు మాత్రం ఇంకోసారి కొట్టమన్నాడు.